గ్రూపులోంచి నేను తీసేసిన రైతు

బోరు మోటరు కాలితే రైతు మొదట ఫోన్ చేసేది కంపెనీకి కాదు, బామ్మర్దికి. బామ్మర్ది మెకానిక్‌కు చెబుతాడు, మెకానిక్ మోటరు అమ్మిన దుకాణదారుకు చెబుతాడు, దుకాణదారు నాకు చెబుతాడు. నా దాకా వచ్చేసరికి ఆ కథలో పిడుగు, పాత ట్రాన్స్‌ఫార్మరు, పక్క పొలం వాడి దిష్టి అన్నీ చేరేవి. అందులోంచి అసలు సంగతి ఏరుకోవడమే నా ఉద్యోగం.

నా పేరు ఏసురత్నం. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఒక బోరు మోటర్ల కంపెనీకి సర్వీసు మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. కంపెనీ పేరు ఇక్కడ అక్కర లేదు. మొన్న మా చెల్లె కూతురు హైదరాబాద్‌లో 'కస్టమర్ ఎక్స్‌పీరియన్స్' అనే ఉద్యోగంలో చేరింది. "మామా, ఫోన్లల్ల ఉండే కస్టమర్లతోని ఎట్ల మెలగాల్నో నీకు తెల్సినంత జర రాసియ్యరాదే" అని అడిగింది. ఉద్యోగం పేరు విని నవ్వొచ్చింది. మా కాలంలో దాన్ని తిట్లు తినుడు అనేవాళ్లం. ఏ తిట్టు ఎందుకు తిన్నానో రాస్తే దానికి పనికొస్తుందని ఇది మొదలుపెట్టాను. ప్రమోషన్ల గురించి రాయడం లేదు, వాటిలో నేర్చుకునేదేమీ లేదు.

పలక బోరులో, యాప్ చేతిలో

తెలంగాణ వచ్చిన తర్వాత కొద్ది ఏండ్లలోనే ఊళ్లల్లో ఫోన్లు మారిపోయాయి. డేటా చౌకయ్యాక కందిచేను గట్టు మీద కూర్చొని వీడియోలు చూసే రైతులు కనబడసాగారు. వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు కూడా వచ్చాక మోటర్లకు పని పెరిగింది, నాకూ పెరిగింది. అప్పుడు మా హెడ్డాఫీసు ఒక యాప్ తయారు చేసింది. ఇక బామ్మర్దులతో పని లేదు, రైతు సీదా కంపెనీతోనే మాట్లాడతాడు అన్నారు.

ఆ యాప్‌ను పరిచయం చేయడానికి మక్తల్‌లో మా మోటర్లమ్మే దుకాణం ముందు షామియానా వేయించాను. నలభై మంది దాకా వచ్చారు. మంచి మంచి మాటలు మాట్లాడాను. ఫిర్యాదు చేయడం చాలా తేలిక, మోటరు మీద నంబరు కొట్టిన పలక ఉంటుంది, దాన్ని ఫోటో తీసి పంపితే చాలు అన్నాను. తెల్ల రుమాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి లేచాడు.

"సారూ, మోటరు ఏడుంటది?"

"బోర్ల ఉంటది."

"ఎంత లోతుల?"

"మీ దిక్కు మూడు నాలుగు వందల ఫీట్లు ఉంటది కదనే."

"మరి ఫోటో దీసుటానికి నేను దిగాల్నా, ఫోన్‌ను దింపాల్నా?"

షామియానా అంతా నవ్వింది. నేను తెలివి చూపించబోయి, మోటరు బయటికి తీస్తే పలక కనిపిస్తుంది కదా అన్నాను. ఆయన నిమ్మళంగా, "మోటరు బయటికి దీసినంక సగం పని నేనే జేసుకుంటి. ఇగ మీతోని నాకేం పని?" అన్నాడు.

యాప్ తయారు చేసిన పిల్లలు మంచి చదువులు చదివినవాళ్లే. వాళ్లు చూసిన మోటర్లన్నీ ఆఫీసులో బల్ల మీద పడుకోబెట్టినవి. నీళ్లలో ఉన్న మోటరును వాళ్లు చూడలేదు, నేను రోజూ చూస్తూ కూడా ఆ సంగతి ఆలోచించలేదు. వాళ్ల కంటే నా తప్పే పెద్దది.

ఉపాయం కూడా ఆ పెద్దమనిషే చెప్పాడు. మోటరు దింపేటప్పుడే దాని నంబరును స్టార్టరు డబ్బా మూత లోపల రంగుతో రాయమన్నాడు. డబ్బా ఎప్పుడూ కండ్ల ముందే ఉంటుంది, దాన్ని ఫోటో తీయడం చిటికెలో పని. అప్పటి నుంచి మా మెకానిక్‌లందరి సంచుల్లో ఎర్ర రంగు డబ్బా, కుంచె చేరాయి. హైదరాబాద్ మీటింగులో ఈ సంగతి చెబితే చప్పట్లు కొట్టారు. అది నా ఆలోచన కాదని నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అమ్రాబాద్ దిక్కు ఇంకో ముచ్చట. అక్కడ అడవి అంచున ఒక ఊరిలో ఫోను పనిచేయాలంటే ఊరి బయట ఉన్న రాతి గుండు ఎక్కాలి. జనం సాయంత్రం పసులు ఇంటికి చేరాక ఎక్కి, ఆ రోజు మాట్లాడవలసినవన్నీ ఒక్కసారే మాట్లాడుకొని దిగుతారు. మా యాప్‌కేమో ఒక రూలు ఉంది. కంపెనీ అడిగినదానికి రెండు గంటల్లో జవాబు రాకపోతే ఫిర్యాదు దానంతటదే మూసుకుపోతుంది. ఒక రైతు ఫిర్యాదు అట్లా మూడుసార్లు మూసుకుపోయింది. మూడోసారి ఆయనకు, మీ సమస్య తీరింది, మాకు ఎన్ని చుక్కలు, అంటే స్టార్లు, ఇస్తారు అని మెసేజ్ పోయింది. ఆయన గుండు ఎక్కి ఐదుకు ఐదు చుక్కలు ఇచ్చి దిగాడు.

"మోటరు అట్లనే ఉండె గదనే, చుక్కలు ఎందుకిచ్చినవ్?" అని అడిగాను.

"అడిగిన్రు గద సార్. ఇయ్యకపోతే బాగుండదని ఇచ్చిన."

ఆ నెల రాష్ట్రంలో చుక్కలు ఎక్కువ వచ్చింది మా ఏరియాకే. నాకు షీల్డు ఇచ్చారు.

పండుగ శుభాకాంక్షల కింద

ఆ రోజుల్లో మా కంపెనీకి డిజిటల్ మార్కెటింగ్ చూడటానికి నిఖిల్ అనే పిల్లవాడు వచ్చాడు. విజయవాడ వాడు, హైదరాబాద్‌లో ఉండేవాడు. మేము వెనక డిజిటల్ సారు అని ఆటపట్టించేవాళ్లం. తెలివైనవాడు, కష్టపడేవాడు, పెద్దవాళ్లంటే మర్యాద ఉన్నవాడు. అతని గురించి ముందు ముందు రాసేది చదివి అతన్ని చెడ్డవాడనుకోవద్దు.

నిఖిల్ కంపెనీ పేరుతో ఫేస్‌బుక్ పేజీ పెట్టించాడు. ప్రతి పండుగకూ శుభాకాంక్షలు, నవ్వుతున్న రైతు బొమ్మ, పచ్చటి పొలం. ఆ బొమ్మలోని రైతు చొక్కాకు ఇస్త్రీ మడత కూడా నలగలేదు. లైకులు వందల్లో వచ్చేవి, నిఖిల్ మురిసిపోయేవాడు. ఒక దసరాకు ఆ బొమ్మ కింద ఏం రాశారా అని నేను కిందికి జరుపుతూ చదివాను. "మా మోటరు ఎప్పుడొస్తది?" అని ఒకాయన రాశాడు. దాని కింద కంపెనీ జవాబు, "ధన్యవాదాలు, మీకూ మీ కుటుంబానికీ పండుగ శుభాకాంక్షలు." ఆయన మళ్లీ, "కుటుంబం మంచిగనే ఉన్నది, మోటరు సంగతి చెప్పున్రి" అని రాశాడు. దాని కింద మళ్లీ శుభాకాంక్షలే. జవాబులు మిషను ఇస్తుందట.

నేను ఫోన్ చేసి చెబితే నిఖిల్ సిగ్గుపడి ఆ రోజే మిషనును ఆపించాడు. అప్పుడు అతనికి నాకు తెలిసిన ఒకే ఒక వ్యాపార సూత్రం చెప్పాను. పెండ్లికి పిలిచినవాడు వాకిట్లో నిలబడాలి, బ్యానరు కట్టి ఇంట్లో పండుకుంటే కుదరదు. పేజీ తెరవడమంటే పిలవడమే. వచ్చినవాళ్లు అన్నమే అడుగుతారు.

ఖాజా చెవి

కేతేపల్లిలో ఖాజా అని మా మెకానిక్ ఉన్నాడు. రోడ్డు పక్కన మోటర్ల వైండింగ్ దుకాణం, దానికి కొట్టం, కొట్టం నిండా రాగి తీగ. ఖాజా చేతి కంటే చెవి గొప్పది. స్టార్టరు గుర్రుమని మోటరు తిరగకపోతే ఒక ఫేజు పోయిందంటాడు. పైపు దగ్గితే బోరులో నీళ్లు తగ్గి గాలి పడుతోందంటాడు. నూటికి తొంభై సార్లు అతను చెప్పిందే నిజం.

నాకు తెలియకుండా ఖాజా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. మోటరు మొరాయిస్తే రైతులు ఫోన్‌ను స్టార్టరు దగ్గర పెట్టి, ఆ చప్పుడు రికార్డు చేసి పంపేవాళ్లు. ఖాజా దుకాణంలో కూర్చునే విని, ఫ్యూజు చూసుకోండి, లేదా గంట సేపు బంద్ పెట్టండి, లేదా నేనే వస్తున్నా అని చెప్పేవాడు. సగం మోటర్లు ఎవరూ పోకుండానే మళ్లీ నడిచేవి. నాకు ఈ సంగతి తెలిసి చేసిన మొదటి పని, గ్రూపు బంద్ చెయ్యమనడం. కంపెనీ యాప్ ఉండగా ప్రైవేటు గ్రూపులేమిటి అన్నాను. ఖాజా ఎదురు చెప్పకుండా ఫోను నా చెవి దగ్గర పెట్టి ఒక చప్పుడు వినిపించాడు.

"ఇది ఏం రోగం చెప్పున్రి సాబ్?"

"ఫేజు పోయినట్టున్నది."

"మరి ఇది మీ యాపుల ఏడ రాయాలె?"

యాప్‌లో ఐదు గడులున్నాయి, చప్పుడుకు గడి లేదు. మా రైతుల్లో చాలామందికి టైపు చేయడం రాదు, మాట్లాడటం బ్రహ్మాండంగా వచ్చు. గ్రూపును నేను బంద్ చేయించలేదు, నేనూ చేరాను. తర్వాత తెలివి మీరి, కంపెనీ పేరు తగిలించి, నేనే అడ్మిన్‌నయ్యాను. మేనేజర్లకు ఈ జబ్బు ఉంటుంది. నడుస్తున్న దాన్ని చూస్తే సంతకం పెట్టబుద్ధవుతుంది.

రాములమ్మ గొంతు

ఆ గ్రూపులో రాములమ్మ అనే రైతు ఉండేది. కేతేపల్లికి కొద్ది దూరంలో ఆమెకు బత్తాయి తోట ఉంది. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే, తోట ఆమె చేతిలోదే. ఆరేండ్ల చెట్లు, అంతకు ముందటేడే తొలి కాపు చూసింది. మా కొత్త రకం మోటరు వేయించుకుంది, అది ఒక్క ఎండకాలంలో మూడుసార్లు కాలింది. రెండుసార్లు ఖాజా వైండింగ్ చేసి దింపాడు. మూడోసారి కాలినప్పుడు ఖాజా దాన్ని విప్పి నన్ను పిలిచి చూపించాడు.

"ఇది ఓల్టేజీతోని కాలింది కాదు సాబ్. లోపల నీళ్లు దిగుతున్నయ్. నీళ్లాపే సీలు కచ్చ ఉన్నది, గట్టిగ లేదు. మళ్ల చుట్టి దింపితే మళ్ల కాలుతది. గీమెకు కొత్త మోటరియ్యాలె."

నేను హైదరాబాద్‌కు రిపోర్టు పంపాను. అక్కడ ఎవరూ పలకలేదు. కరెంటు తేడాతో కాలితే గ్యారంటీ వర్తించదు, సీలు లోపమని తేలాలంటే ల్యాబు చెప్పాలి, ల్యాబు వరుసలో మా మోటరు ఎక్కడో ఉంది. నేను గ్రూపులో "పరిశీలిస్తున్నాం" అని పెడుతూ పోయాను. ఆ మాట కంపెనీ నేర్పింది. మర్యాదగా ఉంటుంది, ఏ పనీ చేయనక్కర్లేదు.

రాములమ్మ ప్రతి పొద్దున ఒక వాయిస్ మెసేజ్ పెట్టేది. తిట్టు ఒక్కటి ఉండేది కాదు.

"రత్నం సారూ, కంపెనోళ్లందరికి దండాలు. ఇయ్యాల మంగళారం. చెట్లు మొకం ఏలాడేసినయ్. మీరెప్పుడొస్తరో చెప్తే చెట్లకు చెప్త, అవి గూడ ఎదురుసూస్తున్నయ్."

మరునాడు ఇంకొకటి. "సారూ, నిన్న మీరు పరిశీలిస్తున్నాం అని వెట్టిన్రు. చెట్లకు సదివి ఇనిపించిన. తాగలే."

నేనే పగలబడి నవ్వాను. ఆ మెసేజ్‌లు ఊరూరూ తిరిగాయి. చాయ్ హోటళ్లలో పెట్టుకొని విన్నారు, ఖమ్మం దిక్కు గ్రూపుల్లోకి కూడా పోయాయి. నిఖిల్ ఫోన్ చేశాడు.

"సార్, ఆవిడ వాయిస్ వల్ల బ్రాండ్ దెబ్బతింటోంది. పైనుంచి నన్ను అడుగుతున్నారు. గ్రూపులోంచి తీసేయండి. ఆవిడతో మనం విడిగా మాట్లాడుకుందాం."

నేను కాదనవచ్చు. అనలేదు. ఆమె పేరు మీద వేలు పెట్టి నొక్కాను. తీసేయాలా అని ఫోను అడిగితే అవునన్నాను. విడిగా మాట్లాడదామన్న మాట నిఖిల్ మరిచిపోయాడు, నేను మరిచిపోయినట్టు ఉన్నాను.

లెఫ్ట్

మరునాడు పొద్దున చాయ్ తాగుతుంటే ఫోను మోగుతూనే ఉంది. మల్లయ్య లెఫ్ట్. సైదులు లెఫ్ట్. ఇంకో మల్లయ్య లెఫ్ట్. చూస్తుండగానే గ్రూపు సగమైంది. నెట్‌వర్కు తప్పేమో అనుకున్నాను, నా తెలివి అంత వరకే పోయింది. అప్పుడు ఖాజా ఫోన్ చేశాడు.

"సాబ్, ఏం జేసిన్రు మీరు?"

"గ్రూపు జర శుభ్రం చేసిన ఖాజా. తర్వాత చూసుకుందాం."

"బంతిల కూసున్న మనిషిని లేపిన్రు సాబ్. ఇస్తరేసినంక లేపుతరా ఎవలన్న? గ్రూపుల ఆమె ఆడబిడ్డ ఉన్నది, ఇయ్యంకుడున్నడు. ఏసురత్నం రాములమ్మను తీసేసిండు అని అందరి ఫోన్లల్ల పడ్డది."

మా నాయిన దొర బావి దగ్గర మోట కొట్టేవాడు. ఒక పెండ్లిలో, మావాళ్లు కూర్చోకూడదని తెలియక, మొదటి బంతిలో కూర్చుంటే, విస్తరి వేశాక, అందరూ చూస్తుండగా లేపి పంపారు. ఆ తర్వాత ఆయన ఎవరి పెండ్లికీ అన్నానికి పోలేదని అమ్మ చెప్పేది. మోటరు ఇంజనీరునై, మాకు సొంత బావి లేని దిక్కులోనే బోర్లకు సారునై, నేను చేసిన పని అదే. ఒక ఆడమనిషిని అందరూ చూస్తుండగా వరుసలోంచి లేపాను, దానికి శుభ్రం చేయడమని పేరు పెట్టాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కంపెనీల్లో చేరే పిల్లలకు ఇక్కడ ఒక మాట. గ్రూపు మన ఆఫీసు గది అనుకుంటాం. జనానికి అది బంతి. అందులో చుట్టాలుంటారు, పగవాళ్లుంటారు, పిల్లనిచ్చినవాళ్లుంటారు. మనం ఒక ఫిర్యాదును తీసేశామనుకుంటాం, వాళ్లు ఒక మనిషిని లేపారనుకుంటారు. వాళ్లనుకున్నదే నిజం.

ఇంత తెలిసినాక ఆ రోజే పోయి ఉండాలి. పోలేదు. మీటింగులున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. మొహం చెల్లలేదు, అదీ అసలు సంగతి. ఎనిమిదో రోజు పోయాను.

తోటలో

ఖాజా బండి మీద వెనక కూర్చొని పోయాను. రాములమ్మ ట్యాంకరు నీళ్లు డ్రమ్ములో పట్టి, బిందెలతో దగ్గరి చెట్లకు పోస్తోంది. దూరం వరుసలకు ఆ నీళ్లు అందడం లేదు. నన్ను చూసి బిందె దించలేదు.

"ఎవలు సారూ మీరు? నా ఫోన్ల లేరు."

"తప్పయింది రాములమ్మా."

"నేను తిట్టిన్నా?"

"లేదు."

"బూతు మాట్లాడిన్నా? అబద్ధమాడిన్నా? మోటరు కాలిందని చెప్పిన. కాలిన మోటరు మీది, లేపుడేమో నన్ను లేపితిరి."

నేను ఫోను తీసి, ఇప్పుడే మళ్లీ గ్రూపులో పెడతానన్నాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"దొంగసాటుగ వెడ్తే నేను రాను. నలుగురు సూస్తుండంగ లేపినవు. నలుగురు సూస్తుండంగ పిలువు."

ఖాజా నేల చూస్తున్నాడు. నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. మోటరులో లోపముందని కంపెనీ మనిషి బయట ఒప్పుకుంటే ఇంటికి పంపిస్తారని కాగితం మీద సంతకం పెట్టినవాణ్ణి. ఇంకో వాక్యం ఏదన్నా దొరుకుతుందా, తప్పు ఒప్పుకున్నట్టూ ఒప్పుకోనట్టూ ఉండేది, అని కొద్దిసేపు వెతికాను. ముప్పై ఏండ్లుగా అట్లాంటి వాక్యాలే రాశాను కనుక వెంటనే రెండు మూడు దొరికాయి కూడా. ఆమె బిందె నింపుకొని ఇంకో చెట్టుకు పోయింది. అప్పుడు నేను రికార్డు నొక్కాను.

"అందరికి నమస్తే. నేను ఏసురత్నం. రాములమ్మను గ్రూపుల నుంచి తీసేసింది నేనే. ఆమె ఒక్క తప్పు మాట మాట్లాడలే. ఆమె మోటరు కాలింది కరెంటుతోని కాదు, మా సీలు మంచిగ లేక. అది నాకు ముందే తెలుసు. తెలిసి చెప్పలే. రాములమ్మా, అందరి ముందట అడుగుతున్న, మళ్ల గ్రూపులకు రా."

పంపాను. గ్రూపులో మిగిలింది సగం మందే, మిగతా సగానికి ఖాజా పంపించాడు. తర్వాత తన ఫోనులో ఆమెకు వినిపించాడు. "ఇంకోపారి వెట్టు" అన్నది. రెండోసారీ పూర్తిగా విన్నది. "సరే, వెట్టుకో" అని నాకు చెప్పి బిందె ఎత్తుకుంది.

మేము రోడ్డు ఎక్కక ముందే ఫోటోలు రావడం మొదలైంది. అన్నీ స్టార్టరు డబ్బా మూతలే, ఎర్ర రంగు నంబర్లు. ఇదే రకం మోటరు, మాదీ కాలింది, కరెంటు అనుకొని ఊకున్నం అని వరుసగా పెట్టారు. పొద్దు గూకే వరకు పద్నాలుగు వచ్చాయి. నంబర్లన్నీ ఒక్క బ్యాచివే.

నిఖిల్ ఫోన్ చేశాడు. "సార్, మీరు చేసింది రూల్స్ ప్రకారం తప్పు. నేను మీ మీద రాయాల్సి వస్తుంది" అన్నాడు. రాసుకోమన్నాను. మళ్లీ తనే, "ఆ ఫోటోలన్నీ నాకు పంపండి. రాత్రికి పై వాళ్ల ముందు పెడతాను" అన్నాడు. రెండూ చేశాడు. నాకు మెమో వచ్చింది, పద్నాలుగు మందికీ కొత్త మోటర్లు వచ్చాయి. నేను పంపిన రిపోర్టు నెలపాటు ఫైల్లో పండుకుంది. పద్నాలుగు మూతల ఫోటోలు మూడు రోజుల్లో లారీని కదిలించాయి. బ్రాండుకు దెబ్బ అన్నాం కదా, ఆ తర్వాత ఆ దిక్కు మా మోటర్లు ముందుకంటే ఎక్కువే పోయాయి. తప్పు ఒప్పుకున్న కంపెనీ ఇదొక్కటే అని దుకాణదారు ఒకాయన నాకు గర్వంగా చెప్పాడు. ఎంత బలవంతం మీద ఒప్పుకున్నామో ఆయనకు తెలియదు.

ఈ ముచ్చట విని సాటి మేనేజర్లు కొందరు, తప్పు ఒప్పుకుంటే అమ్మకాలు పెరుగుతాయని మీటింగుల్లో చెప్పడం మొదలుపెట్టారు. అది వినలేక ఒకసారి లేచి బయటికి వచ్చాను. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

రెండు వరుసలు

నేను రాములమ్మను తీసేసిన రోజుకూ, ఖాజా ఆమె బోరులో కొత్త మోటరు దింపిన రోజుకూ నడుమ పదకొండు రోజులు. నడి ఎండలు. మోటరు దింపిన రోజు నీళ్లు చివరి వరుస దాకా పారాయి, అందరం సంతోషపడ్డాం. ఫోటోలు తీసుకున్నాం, నిఖిల్ వాటిని పేజీలో పెట్టాడు. నా లెక్కలో కథ అక్కడితో అయిపోయింది.

వానలు పడ్డాక రాములమ్మ నాకు మెసేజ్ పెట్టింది. గ్రూపులో కాదు, నాకొక్కడికే.

"సారూ, మూడు వానలు వడ్డయ్. అన్ని చెట్లు చిగురేసినయ్, ఆఖరు రెండు వరుసలు ఎయ్యలే. కొట్టెయ్యాలె. నువ్వొచ్చి సూసినంక కొడ్తం."

ఈసారి ఆలస్యం చేయలేదు, మరునాడే పోయాను. ముగ్గురు కూలోళ్లు గట్టు మీద కూర్చొని ఉన్నారు. తోటంతా ఆకుపచ్చగా ఉంది, చివరి రెండు వరుసలు మాత్రం మోళ్లు. నేను అలవాటుకొద్దీ ఫోను తీశాను.

"ఫోటోల ఏం దెలుస్తది?" అన్నది రాములమ్మ. "చెయ్యి వెట్టి సూడు."

కొమ్మ పట్టుకున్నాను. పటుక్కున విరిగింది. లోపల కూడా పచ్చిలేదు. ఎన్ని చెట్లని అడగకుండా నడుచుకుంటూ లెక్కపెట్టాను. ఇరవై రెండు. సీలు పాడు చేసింది కంపెనీ అనుకున్నా, ల్యాబు ఆలస్యం చేసిందనుకున్నా, ఆ పదకొండు రోజులు మాత్రం నావే. నేను ఆమె గొంతు ఆపకుండా సీలు సంగతి ఆ రోజే చెప్పి ఉంటే ఆ ఫోటోలు ముందే వచ్చేవి, లారీ ముందే కదిలేది. ఆ మాట ఆమెతోనే అన్నాను.

"నాకు ఎరుకే సారూ" అన్నది. "నీకు ఎరుకనో లేదో అని పిలిచిన."

కోపం లేదు ఆ మాటలో. కూలోడి దగ్గర గొడ్డలి తీసుకొని నాకిచ్చింది. "మొదటి దెబ్బ నువ్వు ఎయ్యి."

వేశాను. చేతగాని దెబ్బ, గొడ్డలి సగం జారింది, కూలోళ్లు నవ్వు ఆపుకున్నారు. రెండోది ఆమె వేసింది, చెట్టు కదిలింది. మిగతాది వాళ్లు చూసుకున్నారు. మధ్యాహ్నానికల్లా రెండు వరుసల జాగా ఖాళీ అయింది. అందరం గట్టు మీద కూర్చొని ఆమె తెచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. కొత్త మొక్కలు నేను తెప్పిస్తాను, ఎప్పుడు పెడతావని అడిగాను.

ఆమె చేయి కడుక్కొని, పారుతున్న పైపు దిక్కు కాసేపు చూసింది.

"మీ మోటరు ఒక్క ఎండకాలం కాలకుంట నడువనియ్యి సారూ" అన్నది. "నడిస్తే పెడ్త."